పావు మాత్ర

నవంబరు.
కేప్ బ్రెటన్ రేవులో పడవలన్నీ ఒడ్డెక్కి
టార్పాలిన్లు కప్పుకున్నాయి.
ముర్డో గిల్లిస్ నా బల్ల మీద
ఒక బిస్కెట్ డబ్బా బోర్లించాడు.
పదమూడు సీసాలు.
ఒకటి దొర్లి కింద పడబోతే
ఎనభై మూడేళ్ళ చెయ్యి చటుక్కున అందుకుంది,
లాబ్‌స్టర్ బోను తాడు అందుకున్నట్టే.

"ఇది దేనికి?" అన్నాను.
"అది నీకు తెలియాలి డాక్టరమ్మా."

నాకు తెలియదు.
ఇది రాసినాయన రిటైరయ్యాడు.
అది రాసినామె హాలిఫాక్స్ వెళ్ళిపోయింది.
ఆ మూడోదాని మీద సంతకం చేసినాయన్ని
మొన్న మార్చిలో మంచు తవ్వి పూడ్చి వచ్చాం.
తిలా పాపం తలా పిడికెడు.
ఏడో సీసా తిప్పి చూశాను:
డాక్టర్ ఓడెట్ బూద్రో.
నేనే.

సొరుగులోంచి కాగితం తీశాను,
కాఫీ మరకల కాగితం, నిండా గడులూ బాణాలూ.
మొదటి గడి మోతాదు అడగదు.
ఎందుకు మొదలైందని అడుగుతుంది,
ఆ కారణం ఇంకా బతికే ఉందా అని అడుగుతుంది.

ఇద్దరం వెనక్కి నడిచాం.
రక్తపోటు మాత్రకి కాళ్ళు వాచాయి,
వాపుకి నీళ్ళ మాత్ర వచ్చింది,
దానికి రాత్రి నాలుగుసార్లు లేచాడు,
లేవకుండా ఒకటి,
అది నోరెండబెడితే ఇంకొకటి.
పుండు ఒకచోట, మందు ఒకచోట అంటారు.
ఇక్కడ మందే పుండైంది,
ఆ పుండు పేరు మీద మళ్ళీ మందు.
కడుపు మంట మాత్రైతే
పద్నాలుగేళ్ళ కింద ఆసుపత్రిలో ఉన్న ఒక్క వారానికి.
ఆ వార్డు ఎప్పుడో మూసేశారు.
మాత్ర ఇంకా డ్యూటీలోనే ఉంది.

మొదలుపెట్టడానికి నాకు పది సెకన్లు చాలు.
చదివినన్నేళ్ళూ అదే నేర్పారు.

నిద్ర మాత్ర మీద వేలు పెట్టాను.
సీసా లాక్కున్నాడు.
"ఇది కాదు.
ఎఫీ పోయిన వారం నుంచీ
నా పక్కన పడుకునేది ఇదే."

కాగితంలో ఆ మాటకి బాణం లేదు.
హీటరు చప్పుడు వింటూ కూర్చున్నాం.

కాసేపటికి ఆయనే
కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు.
రెండు వారాలు ముప్పావు, ఆపైన సగం, ఆపైన పావు,
తట్టుకోలేకపోతే ఉన్నచోటే ఆగు.
నవ్వాడు. "ఇది మోకు వదలడం కదా!
బరువు మీదున్న మోకుని కొయ్యకూడదు.
గుంజకి ఒక చుట్టు ఉంచి
పావు మూర, పావు మూర వదలాలి.
ఒక్కసారి వదిలావా,
పడవా పోతుంది, అరచేతి చర్మమూ పోతుంది."

ఇరవై రెండేళ్ళ ప్రాక్టీసులో
ఇంత శుభ్రంగా నాకెవరూ చెప్పలేదు.

డిసెంబరులో ముప్పావు.
నిద్ర రాని రాత్రుల్లో వంటింట్లో కూర్చుని
బోనులకి వలలు అల్లాడట.
లెక్క తెచ్చాడు: పదకొండు రాత్రులు, ముప్పై నాలుగు వలలు.
జనవరిలో సగం దగ్గర ఆగిపోయాం.
తుఫాను వారం, ఎఫీ పుట్టినరోజు.
తొందరేముంది అన్నాను, నాకు తొందరగానే ఉన్నా.

ఫిబ్రవరిలో కడుపు మంట తిరిగొచ్చింది.
ఆ మాత్ర వెనక్కి ఇచ్చాను, సగం మోతాదులో.
కాగితంలో వెనక్కి మళ్ళే బాణం కూడా ఉంది.
అది గీసిన వాళ్ళెవరో
నాకంటే వినయం తెలిసినవాళ్ళు.

రక్తపోటు మాత్ర మార్చాక
ఒకరోజు ప్యాంటు పైకి మడిచి
చీలమండలు చూపించాడు,
పోయిన సామాను దొరికినట్టు.

మే నెల. పడవలు నీళ్ళలోకి దిగాయి.
డబ్బాలో ఆరు సీసాలే ఉన్నాయి,
ఖాళీలో నిజంగానే బిస్కెట్లు పెట్టుకున్నాడు.
చొక్కా జేబులో పొగాకు డబ్బీ,
అందులో పావు మాత్ర.

"వేసుకుంటున్నావా?"
"లేదు. ఏప్రిల్ నుంచీ లేదు."
"మరి?"
"గుంజకి ఒక చుట్టు."

రికార్డులో ఏ గడిలో రాయాలో తెలియక
అలాగే రాశాను.